పారిస్‌లో సగం కోర్టు

ఆగస్టు 28, 2024, బుధవారం

లియాన్ నుంచి పారిస్‌కు రైల్లో రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం నేనూ అన్నయ్యా వారాల తరబడి ఫోన్లో పథకాలు వేశాం. అన్నయ్య అంటే మా పెదనాన్నగారి అబ్బాయి. ఏలూరులో బీమా ఏజెంటు. జాతీయ రహదారి మీద వెనక నుంచి లారీ గుద్దిన నాటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. అంతకు ముందు కాలనీ షటిల్ కోర్టులో తనను ఓడించినవాడు లేడని అతను చెబుతాడు. ఇద్దరు ముగ్గురు ఉండేవారని మా నాన్న చెబుతారు. పారాలింపిక్స్‌లో చక్రాల కుర్చీ బ్యాడ్మింటన్ కళ్లారా చూడాలన్నది అతని కోరిక. లియాన్‌లో ఉద్యోగం వెలగబెడుతున్నందుకు ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

పారిస్ మెట్రో 1900లో మొదలైంది. అప్పుడు కట్టినవాళ్లకు చక్రాల కుర్చీ గురించి ఆలోచన లేదు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు తీరిక లేదు. నగరంలో అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్న మెట్రో మార్గం 14వ నంబరు ఒక్కటే. అది 1998లో వచ్చింది. ఈ వేసవిలోనే దాన్ని ఒకవైపు ఓర్లీ విమానాశ్రయం దాకా, మరోవైపు సాన్ దెనీ దాకా పొడిగించారు. బ్యాడ్మింటన్ జరిగే పోర్ట్ ద లా షపెల్ హాలుకు దగ్గరి మెట్రో మాత్రం 12వ నంబరు, అంటే మెట్ల దారి. కాబట్టి మా మార్గం ఇలా తేలింది: పారిస్‌లోని గార్ ద లియాన్ స్టేషన్‌లో రైలు దిగి 14 ఎక్కడం, పోర్ట్ ద క్లిషీలో దిగి ట్రామ్ పట్టుకోవడం. ట్రామ్ గడపా ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉంటాయి. అన్నయ్య నా సాయం లేకుండా ఎక్కి, నేను ఇంకా కిందే ఉన్నానేమిటని వెనక్కి తిరిగి చూశాడు.

సాయంత్రం హోటల్ గదిలో టీవీ ముందు కూర్చున్నాం. పారాలింపిక్స్ ప్రారంభోత్సవం స్టేడియం బయట జరగడం ఇదే మొదటిసారి. షాంజెలీజే నుంచి ప్లాస్ ద లా కాంకోర్డ్ దాకా వీధిలోనే ఊరేగింపు. సుమిత్ అంతిల్, భాగ్యశ్రీ జాధవ్ జెండా పట్టుకుని వస్తుంటే అన్నయ్య గది దద్దరిల్లేలా ఈల వేశాడు. మన బృందంలో 84 మంది. బ్యాడ్మింటన్‌కు 13 మంది. ఆ పదమూడు పేర్లూ అన్నయ్యకు నోటికి వచ్చు. వాళ్లలో చక్రాల కుర్చీ విభాగాల నుంచి ఒక్కరూ లేరన్నది కూడా అతను చెబితేనే నాకు తెలిసింది.

ఆగస్టు 29, గురువారం

హాలు కొత్తది, ఈ ఫిబ్రవరిలోనే తెరిచారు. కుర్చీలో వచ్చినవారికి కేటాయించిన వరస కోర్టుకు మరీ దూరం కాదు, మరీ మూల కాదు. పక్కన తోడు వచ్చినవాళ్లకు ఒక సీటు. ముందు వరసవాళ్లు లేచి నిలబడ్డా మనకు అడ్డం రాకుండా మెట్టు ఎత్తు లెక్కేసి కట్టారు. మన ఊళ్లలో సినిమా హాళ్లు చూసినవాడికి ఇది కాస్త అతిగా కూడా అనిపిస్తుంది.

చక్రాల కుర్చీ ఆట గురించి నాకు ఉన్న ఊహ మొదటి పది నిమిషాల్లో పోయింది. నెమ్మదిగా, జాగ్రత్తగా, చప్పట్లు కొట్టించుకునే రకంగా ఉంటుందనుకున్నాను. కుర్చీలు రయ్యిమని వెనక్కి వెళ్తున్నాయి, కీచుమని ఆగుతున్నాయి. చక్రాలు పైన దగ్గరగా, కింద దూరంగా, ఏటవాలుగా బిగించి ఉంటాయి. అందువల్ల గిర్రున తిరిగినా కుర్చీ పక్కకు ఒరగదు. వెనకాల ఒక చిన్న చక్రం ఉంటుంది. ఆటగాడు తల మీదుగా వెళ్తున్న కాక్ కోసం వీపు పూర్తిగా వెనక్కి వాల్చినప్పుడు కుర్చీ వెల్లకిలా పడకుండా ఆపేది అదే. నడుముకూ తొడలకూ పట్టీ, పాదాలు ఆనుపలక మీద కట్టేసి ఉంటాయి. కాక్‌ను కొట్టే క్షణంలో మొండెం సీటును అంటిపెట్టుకునే ఉండాలి, పైకి లేస్తే తప్పు. మోటారు పనికిరాదు. రాకెట్ పట్టుకున్న చేతితోనే చక్రాన్నీ తొయ్యాలి. ఇదెలా సాధ్యమో నేను ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు.

నెట్ ఎత్తు మాత్రం మామూలు ఆటకు ఎంతో దీనికీ అంతే. కూర్చున్నవాడికి అది గోడ. అందుకే సింగిల్స్‌కు కోర్టును నిలువునా సగం చేశారు. నెట్ నుంచి సర్వీసు గీత దాకా ఉన్న 1.98 మీటర్ల జాగాను ఆట నుంచి తీసేశారు, అక్కడ కాక్ పడితే అవుట్. నెట్‌ను ఆనుకుని జారవిడిచే డ్రాప్, మన కాలనీ వీరులందరి బ్రహ్మాస్త్రం, ఇక్కడ చెల్లదు. మిగిలింది సన్నటి, పొడవాటి బాట. అందులో పక్కకు కొట్టి తప్పించుకునే దారి లేదు. ముందుకు రప్పించు, వెనక్కి తోలు, మళ్లీ ముందుకు లాగు. ఎదుటివాడి భుజాలు అలిసే దాకా అదే పని. ఒక్కో ర్యాలీ ఎంతకూ తెగదు.

ఇక విభాగాలు. కుర్చీ ఆటగాళ్లు రెండు రకాలు: డబ్ల్యూహెచ్1, డబ్ల్యూహెచ్2. కాళ్లతో పాటు నడుము, పొట్ట కండరాల మీద కూడా పట్టు లేనివాళ్లు మొదటి రకం. వాళ్లు వెనక్కి వాలితే మళ్లీ నిటారుగా కావడానికి చేతులే ఆధారం. మొండెం బలంగా ఉన్నవాళ్లు రెండో రకం. తనను పరీక్షిస్తే మొదటి దాంట్లో వేస్తారని అన్నయ్య లెక్క. ఆ విభాగం ఆటలన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. మిగతా ఆటల సమయంలో నాతో కాఫీ తెప్పించాడు.

ఆగస్టు 30, శుక్రవారం, 31, శనివారం

గ్రూపు పోటీల రోజులు. ఒకే హాల్లో పక్కపక్క కోర్టుల మీద ఆటలు సాగుతుంటాయి కాబట్టి ఏది చూడాలో తెలియక మెడ నొప్పి పెడుతుంది. ఫ్రెంచ్ వాళ్లకు ఆ బాధ లేదు. తమ లూకా మజూర్ వచ్చాడంటే చాలు, హాలు హాలంతా ఒకే వైపు తిరుగుతుంది. అన్నయ్య మాత్రం ఒకరి కోసమే వచ్చాడు: సరీనా సతోమి, జపాన్, డబ్ల్యూహెచ్1.

ఆమె 1998లో పుట్టింది. ఊరు యచిమాతా, టోక్యోను ఆనుకుని ఉన్న చిబా ప్రాంతంలోది. మనకు అనంతపురం ఎలాగో జపాన్‌కు యచిమాతా అలాగ, వేరుశనగకు పేరున్న చోటు. బడిలో ఉన్నప్పుడు బ్యాడ్మింటన్ ఆడింది. 2016 వసంతంలో హైస్కూలు ముగిసింది, మే నెలలో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. మరుసటి ఏడు తండ్రి ఆమెను చిబాలో ఉన్న పారా బ్యాడ్మింటన్ క్లబ్బుకు తీసుకువెళ్లాడు. ఆమెకు పెద్దగా ఇష్టం లేకపోయినా తీసుకువెళ్లాడు. ఆ క్లబ్బులో అప్పటికే హిరోషి మురయామా లాంటి అంతర్జాతీయ స్థాయి ఆటగాడు సాధన చేస్తుండేవాడు. రెండేళ్లు తిరిగేసరికి, 2019 ఆగస్టులో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆమె ప్రపంచ విజేత.

బాసెల్ అనగానే తెలుగువాళ్లకు ఇంకొకటి గుర్తుకు వస్తుంది. అదే నగరంలో, అదే వారంలో, ఆగస్టు 25న పీవీ సింధు ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ ఏడాది మామూలు పోటీలూ పారా పోటీలూ కలిపే పెట్టారు. హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన మానసి జోషి కూడా ఆ వారంలోనే తన విభాగంలో స్వర్ణం గెలిచింది. సింధు ఆట మా ఇంట్లో అందరం చూశాం. మానసి గురించి రెండు రోజుల తర్వాత పేపర్లో చదివాం. సతోమి అనే పేరు అన్నయ్యకు అప్పటికి తెలియదు, నాకైతే నిన్నటి దాకా తెలియదు.

2021లో టోక్యో. పారాలింపిక్స్‌లో బ్యాడ్మింటన్‌ను చేర్చింది అప్పుడే. యొయోగి వ్యాయామశాలలో జరిగింది, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు. సొంత దేశంలో, ఖాళీ కుర్చీల మధ్య, సింగిల్స్ ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన సుజిరత్ పూక్‌ఖామ్‌కు మొదటి గేమ్ పోగొట్టుకుని తర్వాతి రెండూ గెలిచింది. యుమా యమజాకితో కలిసి డబుల్స్ స్వర్ణం కూడా ఆమెదే.

ఇలాంటి కథను మన పేపర్లు ఎలా రాస్తాయో తెలిసిందే. విధిని ఎదిరించింది, చక్రాల కుర్చీకే రెక్కలు తొడిగింది, వగైరా. అన్నయ్యకు అవి చదివితే ఒళ్లు మండుతుంది. "ఆమె బ్యాక్‌హ్యాండ్ గురించి ఒక్క ముక్క రాయరేం?" అంటాడు. అతను రెండు రోజులూ నాకు చూపించింది వేరే. కాక్ కొట్టిన మరుక్షణమే ఆమె చేయి చక్రం మీద ఉంటుంది, కాక్ ఎక్కడ పడుతుందో చూడకముందే కుర్చీ వెనక్కి కదులుతుంది. ముందుకు తోయడం ఎవరైనా నేర్చుకుంటారట. వెనక్కి, సూటిగా, చూడకుండా వెళ్లడమే చదువట. దానికి రోజూ హాలు కావాలి, ఎదురుగా మరో కుర్చీ కావాలి, మూడోది తప్పు చెప్పేవాడు కావాలి.

నేను ఆలోచించింది కూడా దాని గురించే. ఆమెలో పట్టుదల ఉంది, సందేహం లేదు. కానీ తండ్రి కారు నడిపి తీసుకువెళ్లగలిగిన దూరంలో ఒక క్లబ్బు ఉంది. అందులో ఆమె కన్నా ముందు నుంచి ఆడుతున్నవాళ్లు ఉన్నారు. ఆట కుర్చీలు తయారు చేసే కంపెనీ అదే చిబాలో ఉంది, దాన్ని పెట్టినవాడు మోటారు సైకిలు ప్రమాదంలో కుర్చీకి పరిమితమైన మనిషి. ఇవేవీ లేకుండా ఆమె ఏమయ్యేదో నాకు తెలియదు. అన్నయ్య ఏమయ్యాడో తెలుసు. అతను ప్రమాదం తర్వాత ఊళ్లో ఒక షటిల్ హాలుకు వెళ్లి అడిగాడు. ముందు నాలుగు మెట్లు. లోపల చెక్క నేల. కుర్చీ చక్రాల వల్ల నేల మీద గీతలు పడతాయని సున్నితంగా చెప్పి పంపేశారు. మన దేశంలో ఈ ఆట లేదని కాదు. లక్నోకు చెందిన అబూ హుబైదా, మాజీ సైనికుడు ప్రేమ్ కుమార్ ఆలే ఏళ్ల తరబడి అంతర్జాతీయ పోటీలకు వెళ్తున్నారు. కోచ్ గౌరవ్ ఖన్నా లక్నోలో పారా అకాడమీ నడుపుతున్నారు. కానీ ఏలూరు నుంచి లక్నో ఎంత దూరం?

శనివారం మధ్యాహ్నం హాలు వదిలి కాస్త ఊరు తిరిగాం. ఈ పక్కనే లా షపెల్. గార్ దు నోర్ స్టేషన్ వైపు వెళ్తే వీధి వీధంతా శ్రీలంక తమిళుల దుకాణాలు: మునగకాడలు, కరివేపాకు, చీరలు, పెళ్లి పత్రికల అచ్చు. రూ పజోల్‌లో వినాయకుడి గుడి ఉంది. అన్నయ్య బయటి నుంచే దండం పెట్టి, "ముందు ఇడ్లీ" అన్నాడు. ఇడ్లీ దొరికింది. సాంబారు గురించి మాట్లాడకపోవడం మంచిది. ఆర్క్ ద ట్రియోంఫ్ కమానును దూరం నుంచి చూశాం, దాని మీద పారాలింపిక్స్ గుర్తు తగిలించారు.

సెప్టెంబరు 1, ఆదివారం

ఈ రోజు డబుల్స్ పతకాలు. డబుల్స్‌లో కోర్టు పూర్తి వెడల్పు వాడతారు, నెట్ ముందు జాగా మాత్రం దీనిలోనూ నిషిద్ధమే. జోడీ కట్టడానికి చిన్న లెక్క ఉంది: డబ్ల్యూహెచ్1కు ఒక పాయింటు, డబ్ల్యూహెచ్2కు రెండు, ఇద్దరివీ కలిపి మూడు దాటకూడదు. బలమైన ఇద్దరు కలిసి బలహీనులను తొక్కేయకుండా పెట్టిన నియమం. చూడముచ్చటైన ఫలితం ఏమిటంటే, ప్రతి జట్టూ డబ్ల్యూహెచ్1 ఆటగాళ్లను వెతికి మరీ తయారు చేసుకోవాల్సి వస్తుంది. ఒక దేశం నిజంగా ఈ ఆటకు ఖర్చు పెడుతోందో లేదో జోడీల్లోనే బయటపడుతుంది.

చైనా ఖర్చు పెడుతోంది. పురుషుల్లో మై జియాన్‌పెంగ్, ఛు జిమో, మహిళల్లో లియు యుతుంగ్, యిన్ మెంగ్లు స్వర్ణాలు పట్టుకుపోయారు. రెండు కుర్చీలు ఒకదానికొకటి తగలకుండా, ఒకరు ముందుకు వస్తే మరొకరు వెనక్కి జారుతూ, ఒకరి చోట ఒకరు చేరే తీరు చూస్తే వీళ్లు మాట్లాడుకుంటున్నారా అని అనుమానం వస్తుంది. మాట్లాడుకోవడం లేదు. సతోమి, యమజాకిలకు ఈసారి కాంస్యంతో సరి. టోక్యోలో వీళ్లే స్వర్ణ విజేతలు. మూడేళ్లలో ఎదుటివాళ్లు ఎంత ఎదిగారో అంతగా వీళ్లు ఎదగలేదని అన్నయ్య తీర్పు. కాస్త కఠినమైనదే, కానీ కోర్టు మీద కనిపించింది అదే.

విరామంలో ఒక బెల్జియం ప్రేక్షకుడు అన్నయ్యను పలకరించాడు. అతనూ కుర్చీలోనే ఉన్నాడు, ఏదో ఊరి క్లబ్బులో ఆడతాడట. అతని ఇంగ్లీషూ మా ఇంగ్లీషూ అంతంత మాత్రమే. కుర్చీల గురించి మాట మొదలయ్యాక భాష అడ్డం రాలేదు. ఆట కుర్చీని ఒంటికి కొలతలు తీసి చేయిస్తారు. తుంటి వెడల్పు ఒక వేలు అటూ ఇటూ అయినా మనిషి ఒకటి తిరిగితే కుర్చీ ఇంకొకటి తిరుగుతుంది. కొత్తది లక్షల్లో మాట. అయితే ఐరోపా క్లబ్బుల్లో ఆటగాళ్లు కొత్తది చేయించుకున్నప్పుడు పాతది చవగ్గా వదిలేస్తారని, తుంటి కొలత కలిస్తే అదే బంగారమని అతను చెప్పాడు. రాత్రి హోటల్ వాళ్లను టేపు అడిగి తెచ్చాను. వాళ్లు నా వంక వింతగా చూశారు.

సెప్టెంబరు 2, సోమవారం

సింగిల్స్ ఫైనళ్లు. పొద్దున్నే ట్రామ్‌లో కుర్చీలకు కేటాయించిన చోటు నిండిపోయింది. ఇలాంటి ఇబ్బందికి అన్నయ్య సంతోషించడం నేను మొదటిసారి చూశాను.

మళ్లీ అదే జంట: సతోమి, పూక్‌ఖామ్. టోక్యో ఫైనల్ పునరావృతం, కానీ ఈసారి చుట్టూ జనం. పూక్‌ఖామ్ ఆటలో దెబ్బ ఎక్కువ. ఎత్తుగా వచ్చిన దాన్ని నిలువునా దించుతుంది. మొదటి గేమ్ ఆమెదే. టోక్యోలోనూ ఇలాగే మొదలైందని తెలిసినా అన్నయ్య గోళ్లు కొరుకుతూనే ఉన్నాడు. రెండో గేమ్ నుంచి సతోమి కాక్‌ను ఇంకా ఎత్తుగా, ఇంకా లోతుగా లేపడం మొదలుపెట్టింది. పై నుంచి నిట్టనిలువుగా, వెనక గీత మీద పడేలా. అలాంటి దాన్ని బాదాలంటే పూక్‌ఖామ్ వీపు వాల్చాలి, వాల్చిన వీపును మళ్లీ లేపాలి. లేచేలోగా తర్వాతిది ముందు వైపు, సర్వీసు గీత దాటీ దాటకుండా. కొట్టుడు కన్నా ఈ లాగుడే ఎక్కువ హింస. రెండో గేమ్ సతోమికి. మూడోది చివరి దాకా సాగింది. ఒక ర్యాలీలో ఇద్దరూ ఒకేసారి వెనక్కి వాలి, ఒకేసారి లేచారు. గ్యాలరీ నుంచి నవ్వూ అరుపూ కలిసి వచ్చాయి. గెలిచింది సతోమి. టోక్యోలో ఖాళీ హాల్లో గెలిచినదాన్ని ఇక్కడ నిండు హాల్లో నిలబెట్టుకుంది. అన్నయ్య గొంతు బొంగురుపోయింది. ఆమె గెలుస్తుందని తనకు మొదటి నుంచీ తెలుసని ఆ బొంగురు గొంతుతోనే ప్రకటించాడు.

డబ్ల్యూహెచ్2 పురుషుల్లో దైకి కజివారా కూడా స్వర్ణం నిలబెట్టుకున్నాడు. ఫుకుఓకా కుర్రవాడు, చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడేవాడు, ప్రమాదంలో కాలు పోయింది. టోక్యోలో స్వర్ణం గెలిచినప్పుడు పందొమ్మిదేళ్లు. ఫైనల్లో హాంకాంగ్‌కు చెందిన చాన్ హో యూయెన్‌ను రెండే గేముల్లో ముగించాడు. అంత తేలిగ్గా గెలిచేవాళ్ల ఆట చూడటం నాకు కొంచెం విసుగు, మన్నించాలి. నన్ను ఎక్కువ కదిలించినవాడు జర్మనీకి చెందిన తొమాస్ వాండ్‌ష్నైడర్. డబ్ల్యూహెచ్1లో కాంస్యం. వయసు అరవై. మన దగ్గర ఆ వయసుకు ఉద్యోగ విరమణ సభ, శాలువా, పూలదండ.

ఇదే రోజు నితేశ్ కుమార్ ఫైనల్ కూడా. కుర్చీ విభాగం కాదు, నిలబడి ఆడే ఎస్‌ఎల్3. కానీ తెలుగువాళ్లం ఆ ఆట వదలకూడదు. అతను కాలు పోగొట్టుకుంది 2009లో, విశాఖపట్నంలో, రైలు ప్రమాదంలో. తర్వాత మండీ ఐఐటీలో చదివాడు, షటిల్ అలవాటైంది కూడా అక్కడే. బ్రిటన్‌కు చెందిన డేనియల్ బెథెల్‌తో 21-14, 18-21, 23-21. చివరి గేమ్‌లో 21 దగ్గర సమమైనప్పుడు మా వరసలో భారతీయులం అని తెలిసిన ఫ్రెంచ్ పెద్దావిడ ఒకరు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ ఎవరి పక్షమో నాకు ఇప్పటికీ తెలియదు. స్వర్ణం మనకు వచ్చింది. జనగణమన వినిపించినప్పుడు అన్నయ్య రెండు చేతులూ చక్రాల మీద ఆనించి, నడుము నిటారుగా పెట్టుకుని పాడాడు.

సెప్టెంబరు 3, మంగళవారం

తిరుగు రైలు. అన్నయ్య విమానం రేపు రాత్రి లియాన్ నుంచి. వచ్చేటప్పుడు ఒక విమాన సంస్థ అతని కుర్చీ ఆనుపలకను వంచి ఇచ్చింది. ఈసారి దాన్ని ఊడదీసి చేతి సంచిలో పెట్టుకుంటానంటున్నాడు.

రైలు కదిలి గంట కాకముందే ఏలూరుకు ఫోన్ కలిపాడు. అప్పుడు చెక్క నేల హాలువాళ్లు వద్దన్నారు కదా, వాళ్లు కాదు, ఊరి చివర సింథటిక్ మ్యాటు వేసిన కొత్త హాలు ఒకటి వచ్చిందట. దాని సెక్రటరీ ఇతని దగ్గర పాలసీ కట్టినవాడేనట. "మెట్లు లేవు కదండీ? రెండున్నాయా? పర్లేదు, చెక్క పలక నేను చేయిస్తాను. టైర్లకు నల్ల మరకలు పడని రకం ఉంటుంది, మీ మ్యాటుకు ఏమీ కాదు." అవతల ఏదో అన్నారు. "నేనొక్కణ్ణే కాదండీ, మా ఫిజియోథెరపీ దగ్గర పరిచయమైన ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఒకడు భీమడోలు." మళ్లీ ఏదో అన్నారు. "పొద్దున ఐదున్నర అయినా సరే. సోమవారం, గురువారం. సగం కోర్టు చాలు, మిగతా సగంలో మీవాళ్లు ఆడుకోవచ్చు."

సెక్రటరీ ఒప్పుకున్నాడు, ఒక నెల చూద్దామన్నాడు. ఐదున్నరకు చీకటిగా ఉంటుంది కాబట్టి లైట్ల కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర బేరం మొదలైంది. మాకాన్ స్టేషన్ దాటేసరికి మూడో వంతు దగ్గర తెగింది.